మూడు క్రిములు

పుంగనూరులో ఆస్పత్రి ల్యాబులో చేరిన మొదటిరోజు మునిశేఖర్ ముందు పదకొండు స్లైడులు పెట్టారు. సాయంత్రం నాలుగు దాకా కూర్చుని అతను చూసింది నాలుగే. మిగిలిన ఏడింటినీ సుమతి మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని గంటలో ముగించింది. ఒక్కో స్లైడునూ పెట్టెలో సర్దుతూ, తలెత్తకుండానే, "ఈ పొద్దు మొదటిరోజు, సరేలే. రేపట్నుంచి ఇట్ల కుదరదు శేఖర్," అనింది.

అతను తల ఊపాడు.

మునిశేఖర్‌కు నలభై ఒక్క ఏళ్ళు. సోమల దగ్గర పల్లెలో కూలికి పోయే ఇంట్లో పుట్టి, ఆ ఇంటికి మొదటి నెలజీతం తెచ్చినవాడు. టీబీ అనుమానం ఉన్నవాళ్ళ తెమడను గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద చూసి, క్రిములున్నాయో లేవో రాయడం అతని పని. పద్నాలుగేళ్ళు ఆ పని చేశాడు. ఆ తర్వాత పది నెలలు సస్పెన్షన్‌లో మదనపల్లె ఇంట్లో కూర్చున్నాడు.

దానికి కారణం కుప్పం దగ్గర ఒక పల్లె ఆస్పత్రిలో జరిగింది. అక్కడ అతనొక్కడే టెక్నీషియన్. రెండో పోస్టు మూడేళ్ళుగా ఖాళీ. ఇంటింటికీ తిరిగి దగ్గున్నవాళ్ళందరికీ పరీక్ష చేయించమని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు, రోజుకు యాభై అరవై తెమడ డబ్బాలు బల్ల మీదికి వచ్చి పడేవి. ఒక స్లైడులో క్రిములు లేవని రాయాలంటే కనీసం నూరు ఫీల్డులు చూడాలి. ఫీల్డంటే మైక్రోస్కోపులో కంటికి ఒకసారికి కనబడే గుండ్రటి మేర. మొదటి వారం అతను నూరూ చూశాడు. రెండో వారం యాభై చూశాడు. ఆ తర్వాత ఇరవై. ఒకరోజు సాయంత్రం బస్సు వేళ దాటిపోతుంటే, ఆఖరి ఆరు స్లైడులను మైక్రోస్కోపు కింద పెట్టకుండానే రిజిస్టరులో 'లేవు' అని రాసేశాడు. ఏమీ జరగలేదు. మర్నాడు ఇంకో ఎనిమిదింటికి రాశాడు.

అట్లా రాసినవాటిల్లో గంగులప్ప పేరు రెండుసార్లు ఉంది. గంగులప్ప గొర్రెలు మేపుకునే మనిషి, అరవై దాటినవాడు. రెండుసార్లూ టీబీ లేదన్న చీటీ పట్టుకుని, దగ్గుమందు సీసా తీసుకుని ఇంటికి పోయాడు. మూడు నెలల తర్వాత మంద వెంబడి నడుస్తూ నెత్తురు కక్కుకుని పడిపోయాడు. అప్పటికి జబ్బు అతని భార్య ముత్యాలమ్మకూ అంటుకుంది. మందులతో ఇద్దరూ బతికారు గానీ గంగులప్పకు ఒక ఊపిరితిత్తి పనికిరాకుండా పోయింది. వీధికొస దాకా నడవాలన్నా రెండుచోట్ల కూర్చోవాలి. గొర్రెలను అమ్మేశారు.

కొడుకు కంప్లయింటు ఇచ్చాడు. విచారణకు వచ్చిన ఆఫీసరు పాత స్లైడుల పెట్టె తెరిపించి ఒక్కోదాన్నీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. మైక్రోస్కోపు కింద చూడాలంటే స్లైడు మీద ఒక చుక్క నూనె వేయాలి. తుడిచినా దాని జాడ మిగులుతుంది. "ఈ పదహారింటి మీద నూనె జాడే లేదే," అన్నాడు ఆఫీసరు.

మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటూ ఇచ్చిన ఉత్తర్వులో షరతులే రెండు పేజీలున్నాయి. రెండు వారాల శిక్షణ. తర్వాత ఆరు నెలలు పుంగనూరులో సీనియర్ సూపర్‌వైజర్ సుమతి చేతికింద పని. అతను చూసిన ప్రతి స్లైడునూ ఆమె మళ్ళీ చూసి, నెలనెలా రిపోర్టు పంపాలి. పెద్ద తప్పు ఒక్కటి దొరికినా ఉద్యోగం పోతుంది. ఆరు నెలలూ సరిగ్గా గడిస్తే, ఇతను ఒంటరిగా పని చేయడానికి తగినవాడని ఆమె సంతకం చేయాలి.

సుమతికి రిటైరుమెంటు ఇంకో నాలుగేళ్ళుంది. మొదటిరోజే ఆమె దాపరికం లేకుండా చెప్పేసింది. "నిన్ను ఈడికి పంపమని నేను అడగలేదు. పంపుతామంటే వద్దనీ అనలేదు. నువ్వు చేసిన పనికి నాకు కోపంగానే ఉండాది. దాన్ని పక్కన పెట్టి నేర్పిస్తా. నువ్వు నేర్చుకో."

అతని ఇబ్బంది పని రాక కాదు. 'లేవు' అన్న మాట రాయలేకపోతున్నాడు. నూరు ఫీల్డులు చూసేవాడు. పెన్ను తీసేవాడు. నూటొకటో దాంట్లో ఉందేమోననిపించి మళ్ళీ కళ్ళు ఆనించేవాడు. రెండు వందలు, మూడు వందలు. రంగు పట్టిన క్రిములు నీలం మధ్య ఎర్రగా ఉంటాయి; ఏ ఎర్రటి నలుసు కనబడినా గుండె జారేది. అది క్రిమి కాదని, సరిగ్గా కడగని రంగు గింజ అని కళ్ళు చెబుతున్నా, మనసు ఒప్పుకునేది కాదు. ఒకసారి ఒక ముసలాయన స్లైడుకు 'లేవు' అని రాసి చీటీ ఇచ్చి పంపించాక, పది నిమిషాలకు బస్టాండు దాకా పరుగెత్తి, కదలబోయే బస్సులోంచి ఆయన్ను దింపి, ఇంకోసారి తెమడ ఇమ్మని వెనక్కు పిలుచుకొచ్చాడు. ఆ ముసలాయన ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, తనకు పెద్ద జబ్బేదో వచ్చిందని. ఆ స్లైడులోనూ ఏమీ లేదు.

రోజూ పొద్దున మదనపల్లెలో బస్సెక్కేముందు భార్య ప్రమీల క్యారియరు చేతికిస్తూ ముఖంలోకి చూసేది. ఆమె అంగన్‌వాడీ టీచరు, మేనత్త కూతురు. "ఏం మావా, మళ్ళా అన్నం సగం ఎనక్కి తెచ్చినావే నిన్న," అనేది. అతను, "ఆకలి కాలేదు," అనేవాడు. ఆమె అంతకు మించి అడిగేది కాదు. సస్పెన్షన్ రోజుల్లో అడిగి అడిగి అలిసిపోయింది.

మొదటి నెల రిపోర్టు రాస్తూ సుమతి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "తప్పుల్లేవు. కానీ రోజుకు ఆరు సూసే టెక్నీషియన్‌ను పెట్టుకుని ఆస్పత్రి ఏం చేసుకుంటాది?"

"భయంగా ఉంటాది మేడం."

"ఉంటాది. నూరని ఏల పెట్టినారు? నూరు శ్రద్ధగా సూసినాక లేకుంటే, లేవని రాసే హక్కు నీకు ఉండాది. నూటొకటో దాంట్లో ఉందేమో అనుకుంటా కూచుంటే నువ్వు సచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవలేవు."

ఆమె పక్కనే ఉన్నన్ని రోజులు కొంచెం మెరుగయ్యాడు. ఎనిమిది, పది దాకా వచ్చాడు. ఆమె మూడు రోజుల మీటింగుకని మదనపల్లె పోయిన వారంలో పూలమ్మ వచ్చింది.

పూలమ్మ సదుం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. మూడు వారాలుగా దగ్గు. డబ్బా చేతికిస్తూ ఆమె, "బిన్నా సూసి చెప్పప్పా. ఎనభై మంది పిల్లోళ్ళకు వండాల. మధ్యాన్నం లోపల పోకుంటే వాళ్ళకు కూడు లేదు," అనింది.

ఎనభై మంది. ఆ మాట మునిశేఖర్ తలలోంచి పోలేదు. స్లైడు పెట్టి, నూనె చుక్క వేసి చూడడం మొదలుపెట్టాడు. నూరు ఫీల్డులయ్యాయి; ఏమీ లేదు. రెండు వందలు. రెండు వందల డెబ్భై దగ్గర ఒక ఎర్రటి నలుసు కనబడినట్టనిపించింది. వెనక్కు వచ్చి వెదికితే దొరకలేదు. మూడు వందలు. బయట బెంచీ మీద ఆమె దగ్గుతోంది. ఇప్పుడు తను 'లేవు' అని రాసి, ఈమెకు ఉండి ఉంటే? గంగులప్ప ఇంట్లో ఇద్దరు. ఇక్కడ ఎనభై మంది, వాళ్ళ ఇళ్ళలో ఇంకెంతమందో. ఉందని రాస్తే ఏమవుతుంది? మాత్రలు మింగుతుంది. జబ్బు లేకపోయినా మాత్రలతో ఎవరూ చావరు కదా. అట్లా నచ్చజెప్పుకున్నాడు.

రిజిస్టరులో 'ఉన్నాయి, 3' అని రాశాడు.

మూడు ఎందుకన్నది కూడా ఆ క్షణంలోనే ఆలోచించుకున్నాడు. ఒకటంటే డాక్టరమ్మ మళ్ళీ పరీక్షకు పంపుతుంది. పదంటే సుమతి కంటికి ఒక్కటీ కనబడకపోవడం అసాధ్యమవుతుంది. నూరు ఫీల్డుల్లో మూడంటే ఎవరూ ఏమీ అనరు.

ఎక్స్‌రేలో పూలమ్మకు ఒక పక్క చిన్న మచ్చలాంటిది ఉంది. జబ్బును ఖాయం చేసే మిషనులో పరీక్షకొకటి చొప్పున పెట్టాల్సిన చిప్పులు ఆ నెల పుంగనూరులోనూ లేవు, మదనపల్లెలోనూ లేవు. స్లైడులో క్రిములున్నాయన్న తర్వాత డాక్టరమ్మ ఆలోచించలేదు. ఆ రోజే మాత్రలు మొదలుపెట్టింది.

సోమవారం సుమతి వచ్చి అతని స్లైడులన్నీ ముందేసుకుంది. మునిశేఖర్ ఎదురుబల్ల దగ్గర డబ్బాలకు నంబర్లు అతికిస్తున్నాడు. ఆమె ఫీల్డులు లెక్కపెట్టుకునే మీట టిక్కు టిక్కుమంటోంది. ఒక స్లైడు దగ్గర ఆ శబ్దం ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలైంది. అతికిస్తున్న నంబరు వంకరగా పోయింది. అతను దాన్ని పీకి మళ్ళీ అతికించాడు.

"పూలమ్మది," అంది సుమతి. "మూడు రాసినావు. నాకు ఒగటి గూడా అగపళ్ళేదే."

అతను ఇంకో డబ్బా అందుకున్నాడు.

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రోంత, ఒగటో రెండో ఉన్నప్పుడు ఇట్లనే అయితాది. ఒకరి కంటికి పడతాది, ఇంకొకరికి పడదు. ఈ నెలన్నరలో నువ్వు తప్పు సూసింది లేదు. నీ కళ్ళు నా కళ్ళ కంటే వయసులో చిన్నవి గదా." రిజిస్టరు లాక్కుని 'చిన్న తేడా' అన్న గడిలో గీత గీసి సంతకం పెట్టింది. అట్లాంటి తేడా వచ్చినప్పుడు స్లైడును మూడోవాళ్ళకు పంపాలని నియమం. ఆమె పంపలేదు. అతన్ని నమ్మింది.

ఆ మధ్యాహ్నం మునిశేఖర్ క్యారియరు ఖాళీ చేశాడు. గండం గడిచిందనుకున్నాడు. మర్నాటినుంచి మళ్ళీ అన్నం దిగలేదు. కుప్పంలో తను చేసిన పనికి నూనె జాడ లేకపోవడం సాక్ష్యమైంది. ఈ స్లైడు మీద నూనె ఉంది, గంటసేపు చూసిన గుర్తులన్నీ ఉన్నాయి. ఎవరూ ఎప్పటికీ కనుక్కోలేరు. ఆ సంగతే అతన్ని భయపెట్టింది.

రెండు వారాలకు పూలమ్మ మాత్రల కోసం వచ్చింది. మనిషి సగమైంది. ల్యాబు తలుపు దగ్గర నిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమప్పా, నా తెమడ సూసింది నువ్వేనంట గదా," అని అడిగింది.

"అవునమ్మా."

"హాస్టల్లో రావద్దన్నారప్పా. పిల్లోళ్ళకంతా పరీక్షలు చేసినారు. కొందరిని వాళ్ళ అమ్మానాయనలు వచ్చి పిలుచుకోని పోయినారు. ఈ మాత్రలు మింగితే అన్నం నిలవడంలే, అంతా కక్కేస్తాండా." కాసేపు ఆగి, "అవి ఎట్లుంటాయప్పా?" అంది.

"ఏవి?"

"ఆ పురుగులు. నువ్వు సూసినావు గదా."

మునిశేఖర్ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఎర్రగా, సన్నగా, పుల్లల మాదిరి ఉంటాయమ్మా. సుట్టూరా నీలంగా ఉంటాది."

"మూడే ఉండాయంట. డాక్టరమ్మ చెప్పింది."

"మూడే."

"ఒక తూరి నాకు సూపియ్యప్పా. పదేండ్లుగా ఆ పిల్లోళ్ళకు వండి పెట్టినా. నా నోట్లోంచి వాళ్ళకు ఏం పోయిందో అని నాకు నిద్ర పట్టడంలే. కంటితో సూస్తే నమ్మకం కుదురుతాది."

"ఈ పొద్దు వీలుకాదమ్మా. స్లైడు మేడం దగ్గర ఉండాది."

"సరేలే. వచ్చే మంగళారం మళ్ళా రమ్మన్నారు, అప్పుడు సూస్తా," అని ఆమె వెళ్ళిపోయింది.

మంగళవారానికి ఏడు రోజులు. మొదటి రెండు రోజులు ఆమె మరిచిపోతుందనుకున్నాడు. మూడోరోజు సెలవు పెడదామనుకున్నాడు. శుక్రవారం, సుమతి డాక్టరమ్మ గదికి పోయినప్పుడు, పాత స్లైడుల పెట్టె తెరిచి వెదికాడు. కొద్ది క్రిములే ఉన్న స్లైడు ఒకటి దొరికింది. ఎవరిదో మగమనిషిది, ఐదున్నాయి. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఎర్రటి పుల్లలు రెండు సరిగ్గా మధ్యకు వచ్చేట్టు జరిపాడు. పూలమ్మ వచ్చి ఒక కన్ను మూసుకుని ఇందులోకి చూస్తుంది. ఇవే నీవమ్మా అని తను చెబుతాడు. ఆమె నమ్ముతుంది.

అది ఊహించుకున్న తర్వాత అతను కుర్చీలోంచి లేవలేకపోయాడు. కుప్పంలో తను బద్ధకించాడు, అలసిపోయాడు, అది తనకు తెలుసు. ఇప్పుడు చేస్తున్నదానికి బద్ధకం లేదు, అలుపు లేదు. కూర్చుని, ఓపిగ్గా, మిల్లీమీటరు మిల్లీమీటరు జరిపి తయారు చేస్తున్నాడు.

సుమతి లోపలికి వచ్చేసరికి అతను నిలబడి ఉన్నాడు. "మేడం, పూలమ్మ స్లైడులో నేను ఏమీ సూడలేదు," అన్నాడు.

"ఏమంటివి?"

"మూడు వందల ఫీల్డులు సూసినా. ఒగటీ లేదు. లేవని రాసేదానికి భయమేసింది. ఉండాయని రాసినా."

సుమతి తలుపు మూసింది. వచ్చి రిజిస్టరులో ఆ పేజీ తీసింది. ఆమె ముఖంలో కోపం కంటే ముందు భయం కనబడింది అతనికి. "నేను సంతకం పెట్టినా దానికింద," అంది చివరికి. "నా కంటికి పడలేదు, నీ కంటికి పడిందనుకున్నా. నిన్ను నమ్మి పెట్టినా."

"తెలుసు మేడం."

"నీకేం తెలుసు. ఆడ సూడకుండా లేదని రాస్తివి. ఈడ సూసి, లేనిదాన్ని ఉందని రాస్తివి. రెండింటికీ తేడా ఏముండాది? నువ్వు సూసింది నువ్వు రాయలేదు, అంతే." కుర్చీలో కూలబడి, "ఇంకెన్ని ఉండాయి ఇట్లాంటివి?" అని అడిగింది.

"ఇదొక్కటే."

"నువ్వు చెప్తే నేను నమ్మేదెట్ల?"

ఆ పూట ఇద్దరూ కూర్చుని, అతను ఉన్నాయని రాసిన మిగతా ఐదు స్లైడులూ మళ్ళీ చూశారు. ఐదింట్లోనూ ఉన్నాయి. ఆ తర్వాత సుమతి డాక్టరమ్మ దగ్గరికి పోయింది. తిరిగొచ్చి, అతనికి ఏమీ చెప్పకుండా, జిల్లా ఆఫీసుకు రిపోర్టు రాసింది. రాసింది చదివి వినిపించింది. జరిగింది జరిగినట్టు ఉంది. తను మూడోవాళ్ళకు పంపకుండా సంతకం పెట్టిన సంగతి కూడా ఉంది. చివర, 'తానే వచ్చి చెప్పాడు' అని ఒక వాక్యం ఉంది. దాని ముందూ వెనకా మెచ్చుకోలు ఏమీ లేదు.

మదనపల్లెకు అప్పటికి చిప్పులొచ్చాయి. శనివారం పూలమ్మను పిలిపించి మళ్ళీ తెమడ తీసుకున్నారు. మందులు వాడుతున్నా జబ్బు ఉంటే మిషను చెబుతుందని డాక్టరమ్మ అనింది. ఐసు డబ్బాలో దాన్ని తీసుకుపోయే మనిషి ఆ రోజు లేడు. మునిశేఖరే బస్సెక్కాడు.

బస్సులో డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మదనపల్లె ఇంకా సగం దూరముందనగా, తను మనసులో ఏమి కోరుకుంటున్నాడో అతనికి తెలిసొచ్చింది. ఉండాలని కోరుకుంటున్నాడు. పూలమ్మకు టీబీ ఉండాలి. ఉంటే తను రాసింది నిజమైపోతుంది, ఉద్యోగం మిగులుతుంది, సుమతికి మాట రాదు. పిల్లలకు వండి పెట్టే ఒక ఆడమనిషికి జబ్బు ఉండాలని అతను డబ్బాను పట్టుకుని మొక్కుకుంటున్నాడు. అది తెలిసిన తర్వాత కూడా ఆ కోరిక పోలేదు. కిటికీలోంచి టమోటా తోటలు, కొయ్యలు పాతిన చేలు వెనక్కు పోతుంటే, పంటిబిగువున దాన్ని అణచుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం ఫలితం వచ్చింది. టీబీ లేదు. కొత్త ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి చూసి, ఆ మచ్చ ఏమీ మారలేదని, ఎప్పటిదో పాత మచ్చేనని తేల్చారు. దగ్గు ఎన్నో ఏళ్ళ పొయ్యి పొగదని, పీల్చే మందు రాసిచ్చారు. మాత్రలు ఆపేశారు.

ఆ సాయంత్రం ప్రమీలకు చెప్పాడు. ఆమె విని, పొయ్యి కట్టేసి, గోడకానుకుని నిలబడింది. "మళ్ళా పోతుందా ఉద్యోగం?" అని అడిగింది. తెలియదన్నాడు. "నువ్వే చెప్పినావా, వాళ్ళు కనుక్కున్నారా?" "నేనే చెప్పినా." ఆమె పళ్ళెం తెచ్చి పెట్టి, "సరే, అన్నం తిను," అంది.

సోమవారం డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని మునిశేఖర్ సదుం పోయాడు. ఎవరూ పొమ్మనలేదు. సుమతి మాత్రం, "పోస్టులో గూడా పంపచ్చు," అని, అతను కదలకపోతే, "పో," అంది.

పూలమ్మ ఇంటి వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. ముందు చేట నిండా చింతపండు ఉంది. మిషను ఫలితం ఆమెకు ఫోనులో చెప్పారు గానీ అది ఎందుకు మారిందో చెప్పలేదు. అతను నిలబడే చెప్పాడు.

"అమ్మా, నీ తెమడలో నేను ఏ పురుగూ సూడలేదు. సూసినట్టు రాసినా. అది నా తప్పు."

ఆమె చేతిలోని చింతపండు చేటలో వేసింది. "సూడలేదా?"

"లేదమ్మా."

"మరి ఎర్రగా ఉంటాయి, పుల్లల మాదిరి ఉంటాయి అంటివే."

"అవి వేరేవాళ్ళవి."

ఆమె అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండుననుకున్నాడు. "ఇప్పుడు లేదంటాండేది గూడా నువ్వు సూసేనా?" అని అడిగింది.

"నేను కాదు. మదనపల్లెలో మిషను సూసింది. డాక్టరమ్మ సంతకం ఉండాది."

"అయితే సరే." లేచి, చేతులు కడుక్కుని, ఉత్తరం తీసుకుంది. రెండడుగులు వేసి వెనక్కు తిరిగి, "నువ్వు గూడా రా. ఈ మాట ఆ వార్డెనమ్మకు నీ నోటితో చెప్పు. నేను చెప్తే నమ్మరు," అంది.

హాస్టలు దాకా ఆమె ముందు, అతను వెనక నడిచారు. వార్డెను ఆదిలక్ష్మమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. అతను చెప్పింది వంటింటి మనుషులిద్దరు గుమ్మంలో నిలబడి విన్నారు. "పిల్లల అమ్మానాయనలకు నేనేం చెప్పేది?" అంది ఆదిలక్ష్మమ్మ. ఆ ఉత్తరాన్ని నోటీసు బోర్డు మీద అతికించమని పూలమ్మే చెప్పింది. పది రోజుల తర్వాత ఆమెను పనిలోకి రానిచ్చారు. ఇంటికి పోయిన పిల్లల్లో ఇద్దరు తిరిగి రాలేదని తర్వాత తెలిసింది.

జిల్లా ఆఫీసులో మునిశేఖర్‌ను గంటన్నర నిలబెట్టి అడిగారు. తీసేయమని ఒక ఆఫీసరు అన్నాడు. ఇంకో ఆఫీసరు సుమతి రిపోర్టులో 'తానే వచ్చి చెప్పాడు' అన్న చోటు మళ్ళీ చదివించుకున్నాడు. ఉత్తర్వు రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా అతను స్లైడులు పరిచి రంగు పట్టించే పని మాత్రమే చేశాడు. మైక్రోస్కోపు ముట్టుకోనివ్వలేదు. పోస్టుమ్యాను గేటు దగ్గర కనబడిన ప్రతిసారీ పని ఆపి చూసేవాడు.

చివరికి వచ్చింది. ఉద్యోగం ఉంది. గడిచిన రోజులు లెక్కలోకి రావు. ఆరు నెలలు మళ్ళీ మొదటినుంచి. వారానికొకసారి మదనపల్లెలో కౌన్సెలరును కలవాలి. ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే విచారణ ఉండదు. అదే కవరులో సుమతికి ఒక మెమో ఉంది, నియమం ప్రకారం స్లైడును మూడోవాళ్ళకు పంపనందుకు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆమెకు వచ్చిన మొదటి మెమో. ఆమె దాన్ని చదివి, మడిచి, హ్యాండుబ్యాగులో పెట్టుకుంది.

"మేడం," అన్నాడు అతను.

"పని సూసుకో," అంది ఆమె.

మూడు వారాలు ఆమె అతనితో పనికి సంబంధించని మాట మాట్లాడలేదు. అతను చూసిన స్లైడుల్లో దేనికైనా ఇద్దరికీ కొంచెం తేడా వస్తే, ఒక్క మాట లేకుండా మూడోవాళ్ళకు పంపేది. అతను రోజుకు పది చూస్తున్నాడు, పన్నెండు చూస్తున్నాడు. నూరు కాగానే పెన్ను తీస్తున్నాడు. భయం పోలేదు. కౌన్సెలరు దగ్గర ఆ సంగతి చెబితే, ఆయన, భయంతోనే రాయడం అలవాటు చేసుకోమన్నాడు.

ఒక గురువారం మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, సుమతి తన మైక్రోస్కోపు దగ్గరినుంచి లేచింది. "ఇట్ల రా శేఖర్. ఈ స్లైడు నేను సూసినా. ఒక చోట అనుమానంగా ఉండాది. నా మాట వినకుండా నువ్వు నూరూ సూసి చెప్పు."

అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మీట నొక్కుతూ మొదలుపెట్టాడు. ముప్పై ఎనిమిదో ఫీల్డులో ఆమె అనుమానపడిన చోటు అతనికీ తగిలింది. ఎర్రటి గింజ, అంచులు గరుకుగా ఉన్నాయి. అక్కడ ఆగాడు. పక్కకు జరిపి, తిరిగి వచ్చి, ఫోకసు మార్చి చూశాడు. ముందుకు పోయాడు. అరవై. ఎనభై. బయట ఎవరో దగ్గుతున్నారు. నూరు.

కళ్ళు తీసి, "లేవు మేడం. అది రంగు గింజ," అన్నాడు.

"గట్టిగా చెప్తాండావా?"

అతను మళ్ళీ మైక్రోస్కోపులోకి చూడలేదు. "లేవు," అన్నాడు.

సుమతి రిజిస్టరు తీసుకుని, తన పేరు పక్కన అతని పేరు కూడా రాసి, 'లేవు' అని నింపి, సంతకం పెట్టమని పెన్ను అతని చేతికిచ్చింది.